అదే మోడల్, లోపల వేరే చిప్: చిన్న మదర్‌బోర్డులు కొనేవాళ్లు జాగ్రత్త

లైనక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్) కోసం మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డు కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. నేను తొందరపడి కొనలేదు. ముందు ఒక్క బోర్డే తెచ్చుకుని, ఇంట్లో వారం రోజులు నడిపి, అన్నీ బాగున్నాయని నమ్మకం కుదిరాకే మిగతా అయిదూ కొన్నాను. ఆ అయిదింటిలో ఒక్కదానికీ నెట్ రాలేదు. మోడల్ పేరు అదే, పెట్టె అదే, ధర కూడా అదే. లోపల ల్యాన్ చిప్, అంటే కేబుల్‌తో నెట్ అందుకునే చిప్, మారిపోయింది.

విశాఖపట్నం పెదవాల్తేరులో మాకు చిన్న ట్యూషన్ సెంటర్ ఉంది. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా పిల్లలు వస్తారు. వెనక గదిలో ఆరు పాత కంప్యూటర్లు ఉండేవి. సముద్రం దగ్గరే కాబట్టి ఉప్పుగాలికి ఫ్యాన్లు బిగుసుకుపోవడం, ర్యామ్ తీసి తుడిచి పెడితే తప్ప ఆన్ కాకపోవడం మాకు అలవాటే. పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోతుందని తెలిసింది. ఆ ఏడు వేసవి సెలవుల్లోనే అన్నీ మార్చేసి, డెబియన్ 12 అనే లైనక్స్ రకం వేద్దామనుకున్నాను. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న బోర్డు ఎంచుకున్నాను. ఆ ప్రాసెసర్ టీడీపీ (ఎంత వేడి పుట్టిస్తుందో చెప్పే లెక్క) 6 వాట్లే. ఫ్యాన్ లేకుండా అల్యూమినియం హీట్‌సింక్‌తోనే నడిచే బోర్డులు దొరుకుతాయి. తిరిగే ఫ్యాన్ లేకపోతే మన ఊళ్లో సగం రిపేర్లు తప్పినట్టే.

ద్వారకానగర్ వైపు ఒక షాపులో మొదటి బోర్డు తీసుకున్నాను. డెబియన్ కోసమని మొదటిరోజే చెప్పాను. ఆ బోర్డు మీద రియల్‌టెక్ ఆర్‌టీఎల్8125బీ ల్యాన్ చిప్ ఉంది. డెబియన్ 12తో వచ్చే 6.1 కెర్నల్‌కి (చిప్‌లతో మాట్లాడే లైనక్స్ మూల భాగం) అది తెలుసు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే కేబుల్ గుర్తుపట్టింది. సౌండ్, డిస్‌ప్లే, తెలుగు టైపింగ్ అన్నీ చూసుకున్నాను. తర్వాత ఒక్కోటి 11,200 చొప్పున అయిదు బోర్డులకు 56,000 కట్టాను. అది పిల్లల ఫీజుల్లోంచి ఏడాదిగా దాచిన డబ్బు.

కొత్త బోర్డులో డెబియన్ వేస్తే నెట్‌వర్క్ కార్డే లేదంది. కేబుల్ మార్చాను, స్విచ్ మార్చాను, ఇంకో బోర్డు తీసి చూశాను, అదే తంతు. రాత్రి పదకొండు దాటాక కెర్నల్ లాగ్ తెరిస్తే ఒక లైను కనిపించింది: 'అన్‌నోన్ చిప్ ఎక్స్‌ఐడీ', ఆ వెనకే డ్రైవర్ (చిప్‌ని నడిపే ప్రోగ్రామ్) నిర్వాహకులను సంప్రదించమని సందేశం. అంటే కార్డు కళ్లముందే ఉంది, అదేమిటో కెర్నల్‌కి తెలియదు. టార్చి వేసి చూస్తే చిప్ మీద చివరి అక్షరం బీ కాదు, డీ. బోర్డు అంచున చిన్న అక్షరాల్లో రివిజన్ 1.2 అని ఉంది. నేను పరీక్షించినది 1.0. పెట్టె మీద ఈ తేడా ఎక్కడా రాయలేదు.

ఇందులో చిప్ తప్పేమీ లేదు. కొత్త చిప్ వచ్చినప్పుడు కెర్నల్‌లోకి దాని సపోర్ట్ చేరడానికి సమయం పడుతుంది. డెబియన్ లాంటి నిలకడైన పంపిణీలు (లైనక్స్ రకాలు) ఒక కెర్నల్‌నే పట్టుకుని ఏళ్ల తరబడి సాగుతాయి, మనకు నచ్చేదీ అదే. తప్పంతా చిప్ మార్చి కూడా మోడల్ పేరు మార్చకుండా అమ్మడంలో ఉంది. కొనేవాడికి ఎలా తెలియాలి?

బోర్డులు పట్టుకుని షాపుకి వెళ్తే, ఓనరు వెంటనే విండోస్ ఉన్న డిస్క్ తగిలించి, డ్రైవర్ వేసి నెట్ చూపించారు. "మాస్టారూ, బోర్డులో డిఫెక్ట్ ఏమీ లేదు. మీరు టెస్ట్ చేసుకున్న మోడలే కదా ఇచ్చాం" అన్నారు. "బాబూ, డెబియన్ కోసమని మొదటిరోజే చెప్పాను కదా" అంటే, "బిల్లు మీద అలా లేదు కదండీ" అన్నారు. నిజమే, లేదు. నోటిమాట మీద వెళ్లాను.

అందుకని మీరు మాత్రం బిల్లు మీద రాయించుకోండి. 'లైనక్స్‌లో ల్యాన్, సౌండ్, డిస్‌ప్లే పనిచేయాలి, లేకపోతే వాపసు' అని ఒక్క లైను, షాపు ముద్రతో. వస్తువులో లోపం ఉంటే చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోననడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతి కింద పెట్టింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కానీ విండోస్‌లో పనిచేసే బోర్డును లోపం అని నిరూపించడం కష్టం. ఆ ఒక్క లైను ఉంటే మన మాటకు బలం వస్తుంది.

చిన్న బోర్డులతో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. మినీ ఐటీఎక్స్ అంటే నాలుగు వైపులా 17 సెంటీమీటర్లే. పెద్ద బోర్డులో ల్యాన్ పనిచేయకపోతే ఇంకో కార్డు గుచ్చి పని కానిచ్చేయొచ్చు. ఇందులో అన్నీ అంటించేసి వస్తాయి, ఉంటే ఒక్క స్లాటు, కొన్నిటికి అదీ ఉండదు. వైఫై చూసుకుందాంలే అనుకున్నా అక్కడా ఇదే కథ. రియల్‌టెక్ ఆర్‌టీఎల్8852బీఈ వైఫై కార్డుకి కెర్నల్‌లో సపోర్ట్ 6.2లో వచ్చింది, డెబియన్ 12 కెర్నల్ 6.1. ఒక్క మెట్టు తేడాతో పోయింది. ఇంటెల్ కార్డు కొంటే ఏఎక్స్210 తీసుకోండి, అది మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు. ఏఎక్స్201 సీఎన్‌వీఐ రకం (సగం పని ఇంటెల్ చిప్‌కే వదిలేది), దానికి సరిపడే ఇంటెల్ బోర్డుల్లోనే పనిచేస్తుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని ఆటమ్ డీ2500, డీ2700 బోర్డుల జోలికి వెళ్లకండి. వాటి గ్రాఫిక్స్ పవర్‌వీఆర్ నుంచి తీసుకున్నది, లైనక్స్‌లో త్రీడీ యాక్సిలరేషన్ రాదు. బే ట్రయిల్ అనే పాత ఆటమ్ తరం కాలం నాటి చిన్న స్టిక్ కంప్యూటర్లలో 64 బిట్ ప్రాసెసర్‌కి 32 బిట్ యూఈఎఫ్ఐ (ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) పెట్టినవి ఉన్నాయి, చాలా లైనక్స్ పెన్‌డ్రైవ్‌లు వాటిలో బూట్ కావు.

కొనేముందు చేయాల్సిన ముఖ్యమైన పని ఇంకొకటుంది. మీరు వాడబోయే పంపిణీనే లైవ్ పెన్‌డ్రైవ్‌గా (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేలా) తీసుకెళ్లండి. శాంపిల్ బోర్డు మీద కాదు, మీ చేతికిచ్చే ప్రతి బోర్డు మీదా షాపులోనే బూట్ చేయించండి. ఒప్పుకోకపోతే కొనకండి. ఎల్‌ఎస్‌పీసీఐ (బోర్డు మీది చిప్‌ల జాబితా చూపే కమాండ్) చూసి సరిపెట్టుకోవద్దు. పాత చిప్‌కీ కొత్త చిప్‌కీ అందులో ఒకే ఐడీ, 10ఈసీ:8125 అనే కనిపిస్తుంది. నేను అక్కడే మోసపోయేవాణ్ణి. కేబుల్ గుచ్చి, ఒక పేజీ తెరుచుకుంటేనే లెక్క.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకు దారి ఉంది. ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే తాత్కాలికంగా నెట్ వస్తుంది. రియల్‌టెక్ సొంత సైట్‌లో ఆర్8125 డ్రైవర్ సోర్స్ ఉంది, కెర్నల్ హెడర్లు (డ్రైవర్ తయారీకి కావాల్సిన ఫైళ్లు) వేసుకుని దాన్ని కంపైల్ చేయాలి. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని ఆపేస్తుంది. అప్పుడు మీ సొంత కీ నమోదు చేసి డ్రైవర్‌కి సంతకం చేయాలి, లేదా సెక్యూర్ బూట్ ఆపాలి. డ్రైవర్‌ని తప్పకుండా డీకేఎంఎస్ అనే టూల్‌తోనే వేయండి. మూడు మెషీన్లలో నేను మామూలుగా వేసి వదిలేశాను. కొన్నాళ్లకు సెక్యూరిటీ అప్‌డేట్‌లో కెర్నల్ మారింది, మర్నాడు ఉదయం మూడింటికీ ఒకేసారి నెట్ పోయింది. పిల్లలు స్క్రీన్ల ముందు కూర్చుని నా వైపు చూస్తుంటే చాలా బాధేసింది. డీకేఎంఎస్ ఉంటే కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్ దానంతట అదే మళ్లీ తయారవుతుంది, హెడర్ల ప్యాకేజీ కూడా ఉంచుకోవాలి.

ఆ మూడూ ఇప్పుడు డీకేఎంఎస్ మీద నడుస్తున్నాయి. మిగతా రెండింటినీ తిరిగి పెట్టెల్లో పెట్టేశాను. పాత రివిజన్ స్టాక్ దొరికితే మార్చి ఇస్తానని షాపు ఓనరు అన్నారు. రెండుసార్లు వెళ్లొచ్చాను, ఇంకా రాలేదన్నారు. మళ్లీ వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్ నా జేబులోనే ఉంటుంది.