పోర్షె 962సి, సౌబర్-మెర్సిడెస్ సి9: కొలిచి పోసిన పెట్రోలుతో ఏది మేలు?

1982లో దూరపు రేసు కార్ల కోసం వచ్చిన గ్రూప్ సి నియమాల్లో ఇంజిను ఎంత పెద్దదైనా ఉండొచ్చు. టర్బో (ఇంజిన్లోకి గాలిని నొక్కి పంపే పంకా) పెట్టుకోవచ్చు, మానుకోవచ్చు. కొలిచి పోసేది పెట్రోలు ఒక్కటే. ట్యాంకు 100 లీటర్లు దాటకూడదు, 1000 కిలోమీటర్ల రేసుకు మొత్తం 600 లీటర్లు. 1985లో దాన్ని 510కి కుదించారు. లమాన్ 24 గంటల రేసుకు మొదట 2600 లీటర్లు ఉండగా ఆ ఏడాది 2210 అయింది, ఆ తర్వాత 2550కి పెంచారు. 1985లో గెలిచిన యోస్ట్ జట్టు పోర్షె 956 (962సికి ముందు రూపం) మొత్తం 5088 కిలోమీటర్లు తిరిగింది. కోటా అంతా వాడిందనుకున్నా వంద కిలోమీటర్లకు సుమారు 43 లీటర్లు. లోడు లారీ ఇంతకంటే మంచి మైలేజీ ఇస్తుంది, కాకపోతే అది గంటకు 350 కిలోమీటర్ల వేగంతో పోదు.

కాబట్టి ఈ కార్లను గుర్రపు శక్తితో పోల్చడం దండగ. రేసుకు ముందు స్థానాలు తేల్చే క్వాలిఫయింగ్‌లో బూస్ట్ (టర్బో గాలిని నొక్కే ఒత్తిడి) పెంచితే దాదాపు ఏ టర్బో కారైనా భయపెట్టే అంకె చూపిస్తుంది. లీటరు పెట్రోలుకు ఎంత పని రాబట్టిందన్నదే అసలు లెక్క. ఆ లెక్కకు రెండు దారులు దొరికాయి. పోర్షెది చిన్న ఇంజిను, ఎక్కువ బూస్ట్. సౌబర్‌ది పెద్ద ఇంజిను, తక్కువ బూస్ట్.

ఇంజిన్లు

1982 నాటి 956లో ఉన్నది 2.65 లీటర్ల ఫ్లాట్ సిక్స్, అంటే అటు మూడు, ఇటు మూడు సిలిండర్లు పడుకుని ఉండే ఇంజిను, ఒక్కో వైపుకు ఒక్కో కేకేకే కంపెనీ టర్బో. సుమారు 620 హార్స్‌పవర్, అంటే లీటరుకు 234. సిలిండర్లకు ఫ్యాను గాలి, హెడ్లకు నీళ్లు. హెడ్డును సిలిండర్‌కే ఎలక్ట్రాన్ బీమ్‌తో వెల్డ్ చేసేశారు, కాబట్టి హెడ్ గ్యాస్కెట్ అనేదే లేదు. అంతకుముందు టర్బో ఇంజిన్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన భాగాన్ని బాగుచేయడానికి తంటాలు పడకుండా ఏకంగా తీసి పారేశారు. నా లెక్కలో ఈ ఇంజిను మొత్తంలో తెలివైన పని ఇదే. దానికో ఖరీదు ఉంది: వాల్వు సీటు పాడైనా, సిలిండర్ గీసుకుపోయినా రెండింటినీ కలిపి ఒకే ముక్కగా మార్చుకోవాలి.

1989 సి9లో ఉన్నది మెర్సిడెస్ ఎం119, 5 లీటర్ల అల్యూమినియం వి8 (వి ఆకారంలో 8 సిలిండర్లు), సిలిండర్‌కు 4 వాల్వులు, రెండు టర్బోలు. రేసులో సుమారు 720 హార్స్‌పవర్, లీటరుకు 144 మాత్రమే. ఆ బలం కూడా 7000 ఆర్‌పీఎమ్ దగ్గరే వస్తుంది. పోర్షె ఇంజిను 8000 దాటి తిరగాలి.

ఈ తేడా పెట్రోలు బిల్లులో ఎలా తేలుతుందంటే, టర్బో ఇంజిన్లో గాలిని రెండుసార్లు నొక్కుతాం: ఒకసారి టర్బోలో, ఇంకోసారి సిలిండర్లో. రెండూ కలిసి హద్దు దాటితే మంట చేరకముందే మూలనున్న గాలి-పెట్రోలు మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది. అదే నాకింగ్. నిమిషాల్లో పిస్టన్ అంచు తినేస్తుంది. దాన్ని తప్పించాలంటే మూడు మార్గాలు: సిలిండర్ కంప్రెషన్ (లోపల మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న లెక్క) తగ్గించడం, స్పార్క్ ఆలస్యం చేయడం, పెట్రోలు ఎక్కువ పోసి లోపల చల్లబరచడం. మూడింటిలో ఏది చేసినా మైలేజీ పడిపోతుంది. 1982 పోర్షె మెకానికల్ ఇంజెక్షన్‌తో నడిచింది కాబట్టి భద్రత కోసం కంప్రెషన్‌ను 7.2:1 దగ్గర పెట్టుకోవాల్సి వచ్చింది. బాష్ మోట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టె వచ్చాక ప్రతి స్పార్క్‌నూ, ప్రతి చుక్కనూ లెక్కగా వదలగలిగారు. కంప్రెషన్ 8 దాటింది, అదే పెట్రోలుతో ఎక్కువ దూరం వచ్చింది. 956 నుంచి 962సి దాకా జరిగిన పురోగతిలో పెద్ద వాటా ఈ పెట్టెదే.

సౌబర్‌కు ఆ తిప్పలు తక్కువ. 5 లీటర్ల ఇంజిను మామూలుగానే కావలసినంత గాలి పీల్చుకుంటుంది, టర్బో చేయాల్సింది చిన్న సాయమే. కంప్రెషన్ ఎక్కువ ఉంచుకోవచ్చు, తక్కువ ఆర్‌పీఎమ్ వల్ల రాపిడి నష్టమూ తక్కువ. మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు టర్బో మేలుకునే దాకా ఆగే పనీ పెద్దగా లేదు. ఈ ఇంజిను మొదటి రూపం ఎం117కు సిలిండర్‌కు 2 వాల్వులే. అది వేగమైన కారే, కానీ పెట్రోలు లెక్కలో సి9 గట్టిపడింది 4 వాల్వుల హెడ్ వచ్చాకే.

ఈ ఒక్క విషయంలో తీర్పు సౌబర్‌కే. వాళ్ల ఇబ్బంది బరువు, గేర్‌బాక్స్ మీద పడే టార్క్ (తిప్పే బలం).

కింది భాగం

ఇది చాలామంది వదిలేసే అంశం, కానీ ల్యాప్ టైములో ఇంజినుకు తీసిపోదు. కారు అడుగున రెండు పక్కలా వెనక్కి పైకి లేచే సొరంగాలుంటాయి. వాటిలో గాలి వేగం పెరిగి, ఒత్తిడి తగ్గి, కారు రోడ్డుకు అతుక్కుంటుంది. ఫ్లాట్ సిక్స్ ఇక్కడ అడ్డం: వెడల్పుగా పరుచుకుంటుంది, ఎగ్జాస్ట్ పైపులు కింది నుంచే బయటికొస్తాయి, అంటే సరిగ్గా సొరంగం ఉండాల్సిన చోట. అందుకే పోర్షె ఇంజినీరు నార్బర్ట్ జింగర్ జట్టు ఇంజినునూ గేర్‌బాక్స్‌నూ వెనక్కి 5 డిగ్రీలు పైకి వంచి బిగించింది. వి8 అయితే సన్నగా నిలువుగా ఉంటుంది, పక్కల చోటు మిగులుతుంది. సి9 మూలలను అంత నిబ్బరంగా తిరగడానికి సగం కారణం ఇదే.

రెండింటిదీ అల్యూమినియం టబ్బే (డ్రైవర్ కూర్చునే, కారు మొత్తాన్ని మోసే పెట్టె). జాగ్వార్ అప్పటికే కార్బన్ ఫైబర్‌కు వెళ్లిపోయింది. 956, 962 టబ్ వంగుతుందన్న ఫిర్యాదు కొనుగోలుదారుల్లో ముందునుంచీ ఉంది. అందుకే క్రెమర్, బ్రున్, రిచర్డ్ లాయిడ్ జట్లు సొంతంగా గట్టి టబ్‌లు చేయించుకున్నాయి. 956కు డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం) కూడా లేదు, వెనక చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరిగేలా బిగించేశారు. విరగడానికి ఒక భాగం తక్కువ, నెమ్మది మలుపుల్లో డ్రైవర్ భుజాలకు పని ఎక్కువ.

ఎక్కడ చెడతాయి

1983 లమాన్‌లో గెలిచిన 956కు ఎడమ తలుపు ఊడిపోయింది. తలుపే కదా అనుకోవడానికి లేదు. రేడియేటర్‌కు గాలి చేరేది ఆ పక్క నుంచే. కొత్తది బిగించి పట్టీతో కట్టినా గాలి దారి మునుపటిలా కుదరలేదు, ఎడమ వైపు వేడెక్కింది. ఆఖరి ల్యాపులో డ్రైవర్ హోల్బర్ట్ చేతిలో ఇంజిను పొగలు కక్కుతూ పట్టేసుకుంది, ఎలాగో గీత దాటించాడు.

1988 లమాన్‌లో పోర్షె ఫ్యాక్టరీ జట్టు ఓటమికి ఇంజినుతో పనిలేదు. డ్రైవర్ లుడ్విగ్ ఇంకో ల్యాపు లాగొచ్చనుకున్నాడు, పెట్రోలు అయిపోయింది, కారును ఈడ్చుకుంటూ పిట్‌కు తెచ్చేసరికి సమయం పోయింది. ఆ కారు జాగ్వార్ తిరిగిన ల్యాపులోనే రెండోదిగా ముగించింది. జాగ్వార్ మాత్రం తేలిగ్గా గెలిచిందా అంటే, చివర్లో గేర్‌బాక్స్ పాడై డ్రైవర్ లామర్స్ నాలుగో గేర్‌లోనే నెట్టుకొచ్చాడు.

అదే ఏడాది సౌబర్ రేసు మొదలవకముందే ఇంటికెళ్లింది. ప్రాక్టీసులో పొడవాటి తిన్నని దారి మీద ఒక కారు టైరు పేలితే, కారణం తేలకుండా పరిగెత్తించబోమని జట్టును వెనక్కి తీసుకున్నారు. బరువైన, అతివేగమైన కారు టైరును ఏం చేస్తుందో అప్పుడు తెలిసింది. 1989లో అదే లమాన్‌లో ఒకటి, రెండు, అయిదు స్థానాలు వాళ్లవే. ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 8 రేసులకు 7 గెలిచారు. చేజారింది ఒక్క డిజాన్ రేసు, అదీ వేడికి టైర్లు అరిగిపోయి. గెలిచింది ఎవరంటే యోస్ట్ వారి 962సి, మూలం ఏడేళ్ల పాత డిజైన్.

మిగతా రెండు

లాన్చా ఎల్‌సీ2ను ఇక్కడ చేర్చడం న్యాయమే. ఫెరారీ చేసిన వి8, మొదట 2.6 లీటర్లు, తర్వాత 3, రెండు టర్బోలు. కాగితం మీద పోర్షెను మించింది. 13 సార్లు పోల్ (రేసులో మొదటి వరస స్థానం), 3 సార్లే గెలుపు. ఒక్క ల్యాపుకు చాలినంత వేగం ఉంది, చివరిదాకా పెట్రోలూ టైర్లూ నిలబెట్టుకునే ఓపిక లేదు. జాగ్వార్ ఎక్స్‌జేఆర్-9 టర్బోనే వద్దంది: 7 లీటర్ల వి12, పెడల్ నొక్కగానే జవాబు. ఇంజిను పొడుగూ బరువూ భరించగలిగితే అదీ ఒక దారే.

ఇప్పుడు నడపాలంటే

చారిత్రక రేసుల కోసం ఎంచుకోవాలంటే 962కే ఓటు, ఇందులో నాకు సందేహం లేదు. పోర్షె చేసినవే 91, విడిభాగాలు చేసేవాళ్లున్నారు, ఇంజినుపై చేయి తిరిగినవాళ్లున్నారు. సి9లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని, ఏ భాగం కావాలన్నా చేయించుకోవాల్సిందే.

ఖర్చు పెట్టించేవి ఇవి. పెట్రోలు ట్యాంకు రబ్బరు సంచికి ఎఫ్ఐఏ (మోటారు రేసుల ప్రపంచ సంస్థ) గడువు 5 ఏళ్లు. కారు ఒక్క రేసు ఆడకపోయినా గడువు ఆగదు. మెగ్నీషియం గేర్‌బాక్స్ పెట్టెను ప్రతి విప్పులోనూ రంగు ద్రవంతో పగుళ్లకు చూడాలి, తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. ఆయిల్ ముందే వేడి చేయకుండా స్టార్ట్ చేయకూడదు, చల్లటి చిక్కటి ఆయిల్ బేరింగులకు ఆలస్యంగా చేరుతుంది. పరుగు అయ్యాక వెంటనే ఆపకూడదు, రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. లేకపోతే ఎర్రగా కాగిన టర్బో షాఫ్ట్ దగ్గర ఆగిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది, తర్వాతి స్టార్ట్‌లో ఆ బొగ్గే బేరింగును గీస్తుంది. పిట్‌లో పొగ లేదు, శబ్దం బాగుంది అనుకునేలోపు ఒక టర్బో పోయి ఉంటుంది.

కొనేముందు టబ్ ఎవరిదో చూడాలి. బయటి జట్లు చేయించినవి చాలా ఉన్నాయి, ఢీకొన్నాక మార్చినవీ ఉన్నాయి. అది పోర్షె టబ్బా, తర్వాత వేసిందా, ఏ ఏడు వేశారు అన్న కాగితాలు చేతికి రాకుండా ధర మాట్లాడకండి.