సొంతంగా చేయించుకున్న చిన్న కాంక్రీటు పంపు: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఇరుకు సందుల్లో పిల్లర్లు, లింటెళ్లు, ప్రహరీ బెల్టులు పోసే పనులకు లారీ మీద వచ్చే బూమ్ పంపు (పొడవాటి మడత చేయితో కాంక్రీటు అందించేది) లోపలికి రాదు, వచ్చినా రెండు ఘనమీటర్ల కాంక్రీటుకు దాని అద్దె గిట్టదు. అందుకని విజయవాడ ఆటోనగర్‌లో పాత గేరుబాక్సు, డీజిల్ ఇంజను కొని, లేత్ షాపులో రోలర్ పంపు చేయించుకున్నాను.

ఇందులో పిస్టన్లు, వాల్వులు లేవు. డ్రమ్ము లోపలి గోడను ఆనుకుని వంచి పెట్టిన మందపాటి రబ్బరు గొట్టాన్ని, ఒకే ఇరుసుకు ఎదురెదురు కొసల్లో ఉండి ఒకే దిశలో తిరిగే రెండు రోలర్లు పాలు పితికినట్టు నొక్కుకుంటూ పోతాయి. రోలరుకూ డ్రమ్ము గోడకూ మధ్య సందు గొట్టం రెండు గోడల మందం కంటే ఒక పిసరు తక్కువ ఉండాలి. ఎక్కువైతే సిమెంటు పాలు వెనక్కి జారతాయి, మరీ బిగిస్తే గొట్టం త్వరగా చిరుగుతుంది. హాపర్ (కాంక్రీటు పోసే తొట్టి) నుంచి కాంక్రీటును లాక్కునేది నొక్కు వదిలాక గొట్టం మళ్లీ గుండ్రంగా విచ్చుకునే బలమే కనుక, చప్పబడిన గొట్టం పైకి బాగానే కనిపించినా పనికిరాదు.

అసలు పరీక్ష మాలు (కలిపిన కాంక్రీటు) దగ్గరే. కోణాలున్న కంకర సైజు గొట్టం లోపలి వ్యాసంలో మూడో వంతు దాటకూడదన్నది స్థూల నియమం. మాది 50 మి.మీ. లైను కాబట్టి 12 మి.మీ. చిప్స్‌తోనే ఆపుతాను, 20 మి.మీ. కంకర జోలికి పోను. పంపు చేసే కాంక్రీటుకు ఐఎస్ 456 (కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం) చెప్పే స్లంపు, అంటే అచ్చు తీశాక కాంక్రీటు కుంగే ఎత్తు, 75 నుంచి 100 మి.మీ.; దానిని ప్లాస్టిసైజరుతో (నీళ్లు పెంచకుండా మాలును జారుగా చేసే మందు) తెచ్చుకోవాలే తప్ప, మేస్త్రీలకు అలవాటైన బకెట్ నీళ్లతో కాదు. నీళ్లు ఎక్కువైతే సిమెంటు పాలు ముందుకు సాగిపోయి, కంకర రెడ్యూసరు (గొట్టం సన్నబడే అతుకు) దగ్గర బిగుసుకుంటుంది. మొదట సిమెంటు స్లర్రీ (నీళ్లలో కలిపిన సిమెంటు) పంపి లైనును తడపనిదే నేను కాంక్రీటు వదలను.

పని బాగా సాగుతున్నప్పుడు డెలివరీ గొట్టం ప్రతి నొక్కుకూ ఉలిక్కిపడుతుంది. ఆ కదలిక తగ్గి ఇంజను చప్పుడు బరువెక్కిందంటే ఎక్కడో జామ్ మొదలైనట్టే. వెంటనే రివర్స్ గేరు వేసి, లోపలి ఒత్తిడిని హాపర్‌లోకి దించాకే గొట్టాలను కలిపే క్లాంపు మీద చేయి వేయాలి. ఈ సౌకర్యం ఒక్కటి చాలు, రోలర్ రకాన్ని ఎంచుకోవడానికి. నిలువుగా ప్రతి మీటరుకూ కాంక్రీటు బరువే దాదాపు 0.24 బార్ ఒత్తిడి పెడుతుంది, గొట్టంలో రాపిడి దానికి అదనం. అందుకే రెండో అంతస్తు దాటి నేను ప్రయత్నించను.

స్లాబు పనికి మాత్రం దీనిని సిఫారసు చేయను. పోత మధ్యలో గొట్టం చిరిగితే, మార్చేలోపు పోసిన భాగం గట్టిపడి అతుకు పడుతుంది. అక్కడ మిల్లరూ (కాంక్రీటు కలిపే యంత్రం), దాన్ని పైకి చేర్చే లిఫ్టూ నయం. ఖర్చంతా కూడా చివరకు ఆ గొట్టం దగ్గరే తేలుతుంది. కాబట్టి చేయించుకోదలచినవారు గేరుబాక్సు బేరానికి ముందే, ఏ కొలత గొట్టం తమ ఊళ్లో ఎప్పుడడిగినా దొరుకుతుందో చూసుకుని, డ్రమ్మును ఆ కొలతకే చేయించుకోవాలి.