స్ప్రింగ్ ఆనింగ్: కొన్ని వేసవులు వాడాక టెన్షన్ సంగతి

మా ఫ్లాట్ కూకట్‌పల్లిలో, రెండో అంతస్తు, బాల్కనీ పడమటి ముఖం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు దాటితే ఎండ హాల్లోకి సోఫా దాకా వచ్చేస్తుంది. లోపల కర్టెన్ వేసినా లాభం లేదు, వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. అందుకని బయటే ఆపేలా, కిందికి లాగి రెయిలింగ్‌కి కొక్కేలు తగిలించే రకం ఆనింగ్, అంటే ఎండకి అడ్డుపడే గుడ్డ తెర, పెట్టించాం. మోటారు లేదు, తిప్పే హ్యాండిల్ లేదు. పైనున్న గొట్టంలో స్ప్రింగ్ ఉంటుంది. కొక్కెం తీసి పట్టుకుని వదిలితే గుడ్డ తనే పైకి చుట్టుకుంటుంది.

వస్తువు మంచిదే, డబ్బు వృథా కాలేదు. కానీ అమ్మేటప్పుడు చెప్పినట్టు ఒకసారి బిగించి మర్చిపోయే సరుకు మాత్రం కాదు. ఎండకీ వాడకానికీ గుడ్డ కాస్త సాగుతుంది, స్ప్రింగ్ బలం కొంత తగ్గుతుంది. రెండోదో మూడోదో వేసవి నాటికి మాది పైకి వెళ్లి, చివరి అడుగు దగ్గర ఆగిపోవడం మొదలుపెట్టింది. మా ఆవిడ చీపురు కర్రతో పైకి తోసేది.

ఆ చివరి అడుగే అసలు గుర్తు. గుడ్డ పూర్తిగా కిందికి లాగినప్పుడు స్ప్రింగ్ బాగా బిగుసుకుని బలంగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ విప్పుకుంటూ బలం తగ్గుతుంది. వేలాడే గుడ్డ బరువు తగ్గినా, అడుగున ఉన్న పైపు బరువు అలాగే ఉంటుంది కదా. అందుకే స్ప్రింగ్ ముందే కొంత బిగించి ఉండాలి, ఆ బిగువు చాలకపోతే పైన ఆగిపోతుంది. కిందికి దించి కొక్కెం వేశాక కూడా గాలికి గుడ్డ పటపటా కొట్టుకుంటుంటే అదీ టెన్షన్, అంటే ఆ బిగువు, చాలకే.

మొదటిసారి షాపు షట్టర్లు రిపేరు చేసే మెకానిక్‌ని పిలిచాం. ఆనింగ్ వాళ్ల కంటే అతనికే ఇది బాగా తెలుసు, షట్టర్‌లో ఉండేదీ ఇలాంటి స్ప్రింగే. "బలం ఎక్కువైతే గుడ్డ చిరుగుతది అన్నా, తక్కువైతే వేలాడ్తది" అని పని మొదలుపెట్టాడు. గుడ్డ పూర్తిగా పైకి చుట్టి, గొట్టం తిరగకుండా తాడుతో గట్టిగా కట్టాడు. ఒక చివర బ్రాకెట్లోంచి చదునుగా ఉన్న ఇరుసు బయటికి కనిపిస్తుంది, దాన్ని ఆపుతూ ఒక పిన్ ఉంటుంది. ఇరుసుని రెంచ్‌తో గట్టిగా పట్టుకున్నాకే పిన్ లాగాలి. ముందు పిన్ లాగితే ఇరుసు గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. సగం చుట్టు బిగించడం, పిన్ పెట్టడం, తాడు విప్పి ఒకసారి కిందికి లాగి వదిలి చూడటం. మళ్లీ సగం చుట్టు. ఇంతే పని.

ఏ వైపు తిప్పాలన్నది చాలామందికి అర్థం కాదు. గుడ్డ పైకి చుట్టుకునేటప్పుడు గొట్టం ఏ వైపు తిరుగుతుందో ఇరుసునీ ఆ వైపే తిప్పాలి. సరైన వైపైతే రెంచ్ చేతిని వెనక్కి నెడుతూ అంతకంతకూ బరువెక్కుతుంది. తేలికవుతుంటే ఉన్న బిగువు కూడా పోతోందని లెక్క.

ఎంత బిగించాలంటే, చేత్తో పట్టుకుని వదుల్తూ పోతే నిదానంగా పైదాకా వెళ్లి ఆగేంత. అంతకు మించితే కింద పైపు మధ్యలో విల్లులా వంగుతుంది, చెయ్యి జారితే ధడేల్మని వెళ్లి బ్రాకెట్‌కి కొట్టుకుంటుంది. స్ప్రింగ్ కూడా త్వరగా పోతుంది.

అయితే పైకి పోకపోవడానికి ప్రతిసారీ స్ప్రింగే కారణం కాదు. మన ఊళ్లో దుమ్ముకి రెండో చివర గొట్టం తిరిగే బుష్ (చిన్న రింగు లాంటిది) పట్టేస్తుంది. బ్రష్‌తో దులిపి సిలికాన్ స్ప్రే కొడితే చాలు, గ్రీజు పూస్తే ఇంకా దుమ్ము పట్టుకుంటుంది. గుడ్డ ఒక పక్కకి జరుగుతూ చుట్టుకుంటుంటే గొట్టం లెవెల్లో లేదన్నమాట, దానికి టెన్షన్ పెంచి ప్రయోజనం లేదు. వానలో తడిసిన గుడ్డ బరువుగా ఉంటుంది కాబట్టి ఆరాకే పరీక్ష చేయాలి. తడి గుడ్డ చుట్టేసి రోజుల తరబడి వదిలితే బూజు పడుతుంది కూడా. మే నెల సాయంత్రాల ఈదురుగాలి మొదలవగానే మాత్రం తడిపొడి చూడకుండా పైకి చుట్టేయడమే.

మా పైఫ్లాట్ వాళ్లది మడతచేతుల రకం, ముందుకి పందిరిలా చాచుకునేది. దానికి స్ప్రింగులు చేతుల లోపల బాగా బిగించి ఉంటాయి. వాటిని ఇంట్లో విప్పకూడదు, విప్పబోతే చెయ్యి ఒక్కసారిగా విచ్చుకుని మనిషికి తగులుతుంది. మనం ముట్టుకోదగ్గది వాలు సరిచేసే బోల్టు ఒక్కటే. వానలో కూడా తెరిచి ఉంచేదైతే 14 డిగ్రీల వాలైనా ఉండాలి, లేకపోతే నీళ్లు మధ్యలో నిలిచి గుడ్డ బొజ్జ పెడుతుంది.

బాగా ఎత్తు ఫ్లాట్లలో, గాలి ఎప్పుడూ వీచేచోట, నా మట్టుకు నేను కొక్కేల రకం పెట్టించను, పక్కన గైడ్ ఛానెల్ (గుడ్డని రెండు పక్కలా పట్టి ఉంచే గాడి) ఉన్నది చూస్తాను. రెండు మూడు అంతస్తుల లోపు పడమటి బాల్కనీకైతే ఇదే చాలు. బిగించే రోజు దగ్గరుండండి. పిన్ ఉన్న చివర గోడకి ఆనుకోకుండా, రెంచ్ తిరిగేంత ఖాళీ వదలమని ముందే చెప్పండి.