జంగు కోసి, అతుకేసి, రంగు వేయించిన మా ఎయిట్ హండ్రెడ్: ఇన్నేళ్లకు ఏది నిలిచింది

మాది 2003 మోడల్ మారుతి 800, తెల్లది, నల్లగొండ జిల్లా ఏపీ 24 నంబరు. పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కు పోయే ముందు, 2018 ఎండాకాలంలో జంగు పట్టిన చోటల్లా పని చేయించి రంగు వేయించాను. 2023లో రెండో రెన్యువల్ కూడా అయింది. బండి ఇంకా రోజూ తిరుగుతోంది. ఏ పని నిలిచింది, ఏది పోయింది అన్నది ఇప్పుడైతే గట్టిగా చెప్పొచ్చు.

"నల్లగొండల జంగేంది, ఇదేమన్న సముద్రం ఒడ్డా" అంటారు. కరువు జిల్లా అన్న పేరే గానీ, సాగర్ ఎడమ కాలువ కింద హాలియా, నిడమనూరు దిక్కు నాట్లప్పుడు రోడ్డు చూడాలి. దమ్ము చేసిన ట్రాక్టర్లు మడిలోంచి తారు రోడ్డెక్కి బురదంతా అక్కడే రాలుస్తాయి. మా పొలం అటే. ఆ బురద చక్రం పైన ఫెండర్ లోపలి అంచున పేరుకుంటుంది, పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల తడి పోదు. బండి కడిగేవాళ్లు అక్కడికి చెయ్యి పెట్టరు. ఇనుము జంగుగా మారితే ఎక్కువ జాగా పడుతుంది కాబట్టి రంగును పైకి తోస్తుంది. బుడగ లేచిందంటే రేకును చాలావరకు లోపలినుంచే తినేసిందని లెక్క.

దేవరకొండ రోడ్డులో టింకరింగ్, అంటే బండి రేకు పని, చేసే భాయ్‌కి బండి చూపిస్తే ముందు రేటు చెప్పలేదు. డ్రైవర్ డోర్ కింది అంచున రూపాయి బిళ్లంత బుడగ ఉంటే, స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కాడు. అడ్డమే లేకుండా దిగిపోయింది. ఎర్రటి నీళ్లు రెండు చుక్కలు కారాయి, వెనకాలే పొట్టు పొట్టుగా జంగు రాలింది. "సార్, ఇది లప్పంతోని కాదు, కొయ్యాలె" అన్నాడు. లప్పమంటే గుంటలు పూడ్చి చదును చేసే ముద్ద. తర్వాత అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బండి చుట్టూ తిప్పాడు. వెనక ఎడమ చక్రం మీది ఆర్చి దగ్గర అంటుకోలేదు. మాకంటే ముందు ఓనరు అక్కడ లప్పం దట్టించి అమ్మాడన్నమాట. పాత బండి కొనబోయేవాళ్లు జేబులో ఒక అయస్కాంతం వేసుకుపోతే చాలా బేరాలు తేలిపోతాయి.

మొత్తంలో నాకు బాగా నచ్చింది డోర్ పని. అద్దం బీడింగ్ సందుల్లోంచి వాన నీళ్లు డోర్ లోపలికి దిగడం మామూలే. అవి బయటికి పోవడానికి అడుగున సన్నటి రంధ్రాలుంటాయి. దుమ్ము చేరి అవి మూసుకుపోతే నీళ్లు రేకు మడతలో నిలుస్తాయి. భాయ్ కింద నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ కోసేసి, 20 గేజ్ రేకు వంచి, కరెంటుతో చేసే సీఓటూ వెల్డింగ్‌తో చుక్కలు చుక్కలుగా అతికించాడు. గ్యాస్ మంటతో చేసే వెల్డింగ్ అయితే వేడికి రేకు వంకరపోతుంది, ఆ వంకర దాచడానికి మళ్లీ లప్పం పెట్టాలి. తెల్లటి ఇనుము తేలేదాకా గ్రైండ్ చేసి ఎపాక్సీ ప్రైమర్, దాని మీద లప్పం పల్చగా, ఆ పైన హార్డెనర్ కలిపి కొట్టే 2కే ప్రైమర్, చివర పీయూ (పాలీయురేథేన్) పెయింట్. లప్పం నీళ్లు పీలుస్తుంది. దాన్ని నీళ్లు పోసి రుద్ది, సరిగా ఆరకముందే ప్రైమర్ కొడితే ఆ తడి లోపలే ఉండి తర్వాత బుడగై లేస్తుంది. అందుకే లప్పం మీద పనంతా 80 నంబరు పేపర్ నుంచి 320 దాకా పొడిగానే చేయించాను. షెడ్డంతా దుమ్మని భాయ్ గొణిగాడు గానీ చేశాడు. రంగు అయ్యాక చూస్తే అడుగు రంధ్రాలు రెండు పెయింట్‌తో పూడిపోయి ఉన్నాయి. తీగతో పొడిచి తెరిచి, లోపల జంగు పట్టకుండా వ్యాక్స్ స్ప్రే కొట్టించాను. ఆ అతుకు మీద ఈరోజుకీ ఒక్క బుడగ లేదు.

ఎడమ ఫెండర్‌కు అతుకులు పెట్టకుండా కొత్తది కొన్నాం. బోల్టుల మీద ఉండేదే కాబట్టి ఊడదీయడం తేలిక. దానికీ లోపలివైపు ఎపాక్సీ కొట్టించాం, బాగుంది.

డోర్ల కింద పొడవునా ఉండే రన్నింగ్ బోర్డు సంగతి వేరు. అది లోపల డొల్ల. బయటినుంచి వెల్డింగ్ చేసినప్పుడు లోపలి పూత కాలిపోతుంది, ఆ చోట మళ్లీ ఏదీ పూయకపోతే అతుకు వెంబడే జంగు మొదలవుతుంది. కుడివైపు దానికి రబ్బరు బిరడా తీసి సన్న పైపుతో వ్యాక్స్ కొట్టే వీలు దొరికింది, నిలిచింది. ఎడమవైపు వెల్డింగ్ గీత వెంట ఇప్పుడు గోధుమరంగు చార కనబడుతోంది.

డిక్కీ డోర్‌కు, వెనక ఆర్చికి కోత పెట్టలేదు. బడ్జెట్ అంతే. పైన గీకి, జంగును గట్టి పొరగా మార్చే రస్ట్ కన్వర్టర్ రాసి, లప్పం పెట్టి రంగేశారు. ఆ కన్వర్టర్‌లో ఉండేది ఎక్కువగా ఫాస్ఫారిక్ ఆమ్లం. పైపై జంగుకు పనికొస్తుంది, పొరలు లేచిన జంగులో అడుగుదాకా దిగదు. రెండో వానాకాలానికే ఆర్చి మీద బుడగలు తిరిగొచ్చాయి. అడుగున కొట్టే నల్ల తారు కోటింగ్‌ది కూడా ఇదే కథ. శుభ్రమైన రేకు మీద కొడితే మేలే. జంగు మీద కొడితే కింద తడి దాగి, పైకేమీ కనబడకుండా రేకు పోతుంది.

రంగు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, తెలుపు బండికి అదో సుఖం. మెటాలిక్ సిల్వర్ అయితే ఒక్క ప్యానెల్ కలపడానికే తల ప్రాణం తోకకొచ్చేది. పీయూ మెరుపు ఎండకు ఇంకా తట్టుకుంటోంది. బానెట్‌కు మాత్రం ఖర్చు తగ్గుతుందని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ వేశాం, అది చేత్తో తుడిస్తే సుద్దలా అంటుతోంది. ఒకటి మాత్రం అడుగుతాను: పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు మంచివి కావు. మన దగ్గర పెయింటర్లు ముక్కుకు దస్తీ కట్టుకుని కొడతారు. ఆవిర్లను వడగట్టే కార్ట్రిడ్జ్ మాస్క్ ఒకటి మీరే కొనివ్వండి, మొత్తం బిల్లులో దాని లెక్క ఎంత.

పని మాత్రం వానలు పడకముందే పెట్టుకోవాలి. ముసురులో కొట్టిన ఎన్‌సీ పెయింట్ తెల్లగా మసకబారుతుంది. వచ్చే ఎండాకాలం ఆర్చి, ఎడమ రన్నింగ్ బోర్డు కోయిద్దామని భాయ్‌తో మాట్లాడాను. రంగు మళ్లీ తెలుపే. మార్చితే ఆర్‌సీలో ఎక్కించుకోవడానికి ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి, ఆ ఓపిక నాకు లేదు.