ఇంట్లో కట్టుకునే కనూ: ఏ డిజైన్ మేలు?

చెరువులో, కాలువలో, రిజర్వాయర్ అంచున ఒకరిద్దరు తిరగడానికి కనూ, అంటే తెడ్డుతో నడిపే సన్నటి తేలిక పడవ, కట్టుకోవాలనుకునేవాళ్లు ముందు నెట్‌లో ప్లాన్లు చూస్తారు, ఆ తర్వాత ప్లై షాపుకి వెళ్తారు. ఈ వరస తిరగబడాలి. మీ ఊళ్లో ఏ మందం ప్లై దొరుకుతుందో తెలుసుకుని డిజైన్ ఎంచుకుంటే సగం తలనొప్పి తప్పుతుంది.

పోటీలో నిజంగా ఉన్నవి రెండే. ఒకటి, రెండు ప్లై షీట్లతో అయ్యే చదును అడుగు కనూ: రెండు పక్కలు, ఒక అడుగు, అంతే. రెండోది, ఐదు పలకలను తీగతో కుట్టి ఎపాక్సీతో (రెజిన్, హార్డెనర్ కలిపి వాడే జిగురు) అతికే ‘స్టిచ్ అండ్ గ్లూ’ కనూ. చెక్క చట్రానికి గుడ్డ తొడిగే రకం, సన్న చెక్క బద్దలు పేర్చి కట్టే స్ట్రిప్ రకం కూడా ఉన్నాయి కానీ, మన దగ్గర వాటి సంగతి వేరు. అది చివర్లో.

ముందు ప్లై. విదేశీ ప్లాన్లు చాలావరకు ఒకూమే అనే తేలిక చెక్క ప్లైని దృష్టిలో పెట్టుకుని గీసినవి. అది క్యూబిక్ మీటరుకి సుమారు 450 కిలోలు. మన షాపుల్లో మెరైన్ ప్లై అంటే ఎక్కువగా గర్జన్ లాంటి గట్టి చెక్క. అది 700 కిలోలు, ఒక్కోసారి ఆ పైన. అందుకే ప్లాన్ మీద ‘18 కిలోలు’ అని రాసి ఉన్న కనూ ఇక్కడ కడితే 25 కిలోలు తూగుతుంది. ఎనిమిదికి నాలుగు అడుగుల 6 ఎంఎం షీటు ఒక్కటే పన్నెండున్నర కిలోలు, 4 ఎంఎం అయితే ఎనిమిది పైచిలుకు. నా లెక్కలో తీర్పు చెప్పేది ఈ బరువే. ఒక్క మనిషి భుజాన వేసుకుని కారు మీదికి ఎక్కించలేని పడవ రెండో నెల నుంచి షెడ్డులోనే ఉంటుంది.

పద్నాలుగు అడుగుల చదును అడుగు కనూకి 6 ఎంఎం ప్లై దాదాపు ఐదు చదరపు మీటర్లు పడుతుంది. చెక్కే 21 కిలోలు. అంచు పట్టీలు, సీట్లు, జిగురు కలిస్తే 28 నుంచి 30. ఐదు పలకల కనూకి 4 ఎంఎం ప్లై ఐదున్నర చదరపు మీటర్లు, అంటే 15 కిలోలు. దాని మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ, ఎపాక్సీ ఐదు కిలోలు, పట్టీలు నాలుగు. మొత్తం 24 దగ్గర ఆగుతుంది. ఐదు కిలోల తేడా కాగితం మీద చిన్నదే, గట్టు ఎక్కేటప్పుడు కాదు.

మరి చదును అడుగుకీ 4 ఎంఎం వాడకూడదా? వాడొచ్చు, కానీ వెడల్పాటి చదును పలక కాలి కింద ఊగుతుంది. ఆ ఊపు ఆపడానికి అడుగున అడ్డపట్టీలు వేస్తే ఆదా అయిన బరువు తిరిగొస్తుంది. ఐదు పలకల్లో ఒక్కో పలక సన్నగా ఉంటుంది, మూలమూలకీ ఎపాక్సీ గట్టుంటుంది. గట్టితనం ఆకారంలోనే ఉంటుంది కాబట్టి మందం అక్కర్లేదు. ఇటు తిప్పి చూస్తే, మీకు దొరికేది 6 ఎంఎం ఒక్కటే అయితే ఐదు పలకల ఆశ వదులుకోండి. ముక్కు దగ్గర పలక మెలి తిరగాలి. అక్కడ 6 ఎంఎం గర్జన్ మొండికేస్తుంది, బలవంతం చేస్తే కుట్టు రంధ్రాల దగ్గర చీలుతుంది. తడిగుడ్డ కప్పి వేడినీళ్లు పోస్తూ రాత్రంతా లాగి ఉంచితే కొంత లొంగుతుంది కానీ, ప్రతి పలకకీ ఆ తిప్పలు ఎవరు పడతారు?

ఏది కట్టినా ప్లై మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లై ప్రమాణం) ముద్ర ఉండాలి. ఎంఆర్ గ్రేడు, అంటే తేమకి మాత్రమే తట్టుకునే రకం, అలమరాలకే. దాని జిగురు నీళ్లకి ఓర్చదు, పొరలు విచ్చుకుంటాయి. ముద్ర ఉన్నా అరచేతి ముక్క కోయించి తెచ్చుకుని, నాలుగైదు గంటలు మరగబెట్టి, ఎండబెట్టి, పొరల మధ్య ఉలి మొన దూర్చి చూడండి. కోసిన అంచులో లోపలి పొరకి ఖాళీలు కనిపిస్తే ఆ షీటు వద్దు. 4 ఎంఎంలో ఉండేవి మూడే పొరలు. మధ్యది లేని చోట పడవకి ఉన్నది అగ్గిపెట్టె బలమే.

షీటు ఎనిమిది అడుగులే కాబట్టి అతుకు తప్పదు. మందానికి ఎనిమిది రెట్లు వాలుగా చిత్రిక పట్టి అతికితే (4 ఎంఎంకి 32, 6 ఎంఎంకి 48) వంపు సాఫీగా వస్తుంది. చాలామంది చేసే తప్పు క్లాంపులు బిగించేయడం. జిగురంతా బయటికొచ్చి అతుకులో ఏమీ మిగలదు. ముందు ఉత్త ఎపాక్సీ పూసి, చెక్క పీల్చుకున్నాక చిక్కటిది రాసి, అతుకు మీద పాలిథిన్ వేసి బరువులు పెడితే చాలు. చదును అడుగు కనూకి ఆరంగుళాల ప్లై పట్టీ లోపల అతికినా నడుస్తుంది. ఐదు పలకలకి ఆ పట్టీ అడ్డం, అక్కడ వంపు విరిగినట్టు కనిపిస్తుంది.

చదును అడుగుకి ఉన్న అసలు బలం ఎపాక్సీ తక్కువ పట్టడం. మూలల్లో అంగుళం రీపరు పెట్టి జిగురు, స్క్రూలతో బిగించేయొచ్చు. టేకు రీపరు వంగకపోతే అరంగుళంవి రెండు ఒకదాని మీద ఒకటి అతికి వంచండి. వారాంతాల్లో పనిచేసినా నెలలో నీళ్లలో దిగుతుంది. గాలం వేసేవాళ్లకి కదలకుండా కూర్చునే స్థిరత్వం కూడా దీనిదే. గాలి లేస్తే మాత్రం ముక్కు అలల మీద టపటపా కొట్టుకుంటుంది. పక్కకి ఒరిగినప్పుడు ఓ హద్దు దాకా నిబ్బరంగా ఉండి, ఆ పైన చెప్పకుండా తిరగబడుతుంది. ఐదు పలకలది మొదట్లో కాస్త ఊగుతుంది, ఒరిగే కొద్దీ నిలదొక్కుకుంటుంది.

ఐదు పలకల పనిలో జాగ్రత్త పడాల్సినవి మూడు. ఎడమ, కుడి పలకలు జంటగా ఒకదానిపై ఒకటి పెట్టి కోయాలి. విడిగా కోస్తే పడవ ఒక పక్కకే పోతుంది. రెండు ఎంఎం రంధ్రాలు అంచు నుంచి పది ఎంఎం లోపలికి, నాలుగంగుళాలకొకటి, ముక్కు దగ్గర మూడంగుళాలకొకటి వేసి 18 గేజి రాగి తీగతో కుట్టండి. కుట్టాక రెండు చివర్లా అడ్డంగా తిన్నటి రీపర్లు పెట్టి, ఒక కొస నుంచి కన్ను సారించి రెండూ సమంగా ఉన్నాయో లేదో చూడాలి. మెలిక ఉంటే ఇప్పుడే తీయాలి. ఎపాక్సీ గట్టిపడ్డాక ఇక ఎవరి వల్లా కాదు.

ఎపాక్సీ ఐదారు కిలోలు పడుతుంది. లాపాక్స్ కంపెనీ రకం ఎల్-12 రెజిన్, కె-6 హార్డెనర్ జోడీ అయితే రెజిన్ వంద గ్రాములకి హార్డెనర్ పది. వంటింటి కాటా ఒక గ్రాము తప్పు చూపినా హార్డెనర్‌లో పదో వంతు తేడా వచ్చినట్టే, కాబట్టి పది మిల్లీగ్రాములు చూపే చిన్న కాటా కొనండి. ఎండాకాలంలో ఒక్కసారికి 150 గ్రాములు మించి కలపొద్దు, లోతు గిన్నెలో ఉంచొద్దు. పొగలొచ్చి రాయవుతుంది. పూత సాయంత్రం వేయాలి. పొద్దున వేస్తే ఎండ ఎక్కే కొద్దీ చెక్కలో గాలి వ్యాకోచించి బుడగలుగా పైకొస్తుంది. వానాకాలంలో పూత మీద జిడ్డు పొర కడుతుంది. నీళ్లతో, స్క్రబ్బరుతో కడగకుండా మరో పూత వేస్తే అది అంటుకోదు. మూలల గట్టుకి ఎపాక్సీలో మెత్తటి రంపపు పొట్టు కలిపి, మూడంగుళాల గ్లాస్ టేపు దాని మీద పరవండి. పాలిస్టర్ రెజిన్ చవక కదా అని చెక్క మీద వాడొద్దు, ఒకటి రెండు సీజన్లలో రేకులా ఊడొస్తుంది. చివరికి పెయింటో, యూవీ వార్నిషో తప్పనిసరి. ఎండ ఎపాక్సీని తినేస్తుంది.

గుడ్డ తొడిగేది పదిహేను కిలోల లోపే అవుతుంది. ఆ విషయంలో దానికి పోటీ లేదు. కానీ మన చెరువుల అంచున నీట మునిగిన సర్కారు తుమ్మ మోళ్లు గుడ్డకి యముళ్లు. ముళ్లు లేని నీళ్లున్నవాళ్లు ఆలోచించొచ్చు. నైలాన్ తడిస్తే వదులవుతుంది, పాలిస్టర్ గుడ్డ ఇస్త్రీ పెట్టెతో బిగుస్తుంది. స్ట్రిప్ రకానికి తేలికైన సెడార్ కావాలి. టేకుతో కడితే అందం ఉంటుంది, తేలికదనం ఉండదు.

కయాక్ (పైన మూసి ఉండే పడవ) అయితేనో అని అడిగేవాళ్లకి: పైకప్పు, కాక్‌పిట్ (కూర్చునే ఖాళీ) అంచు కలిపి పని దాదాపు ఒకటిన్నర రెట్లు. ఏప్రిల్ ఎండలో కాళ్లు ఆ పెట్టెలో పెట్టుకోవడం మీ ఇష్టం. సముద్రం అంచుకో, గాలి ఎక్కువున్న పెద్ద రిజర్వాయర్‌కో అయితే తప్ప తెరిచిన కనూయే చాలు.

ఏ రకమైనా ముందూ వెనకా ఫోమ్ గానీ మూత బిగించిన ఇరవై లీటర్ల క్యాన్లు గానీ గట్టిగా కట్టాలి. నీళ్లు నిండిన ప్లై పడవ తనంతట తాను తేలుతుంది, మిమ్మల్ని తేల్చదు. లైఫ్ జాకెట్ వేసుకుని, మొదటిసారి నడుము లోతులోనే కావాలని బోల్తా కొట్టించి, నీళ్లు తోడి తిరిగి ఎక్కగలరేమో చూడండి. క్యాన్ల తాడు వదులుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.