అంచు చదివి ఇల్లు చూపించిన షాపు, కర్నూలు

రాజ్‌విహార్ సెంటర్ దాటినాక లోపలి సందులో ఉండే యూనిఫాం సామాన్ల షాపు గురించి రాస్తున్నా. పోలీసు బెల్టులు, ఎన్‌సీసీ పిల్లల టోపీలు, విజిల్ తాళ్ళు, భుజం మీద పెట్టుకునే స్టార్లు అమ్ముతారు. మెడల్స్‌కు రిబ్బన్ వేసి, ఫ్రేమ్ కట్టి ఇస్తారు. నడిపేది ఆర్మీలో హవల్దారుగా రిటైరైన పెద్దాయన. బెల్టు కోసం పోతే అది అన్నిట్లాంటి షాపే. ఎవరిదో తెలియని పాత మెడల్ ఇంట్లో ఉంటే మాత్రం ఇంకెక్కడికీ పోకుండా నేరుగా ఈయన దగ్గరికి పోండి.

మాది పాతబస్తీలో వెండి అంగడి. మా మామగారి నాయన కాలం నుంచి కుదువ వ్యాపారం కూడా ఉండేది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడినప్పుడు అంగడి మునిగిపోయింది. ఖాతా పుస్తకాలు, కుదువ చీటీలు ముద్దైపోయినాయి. ఆ బురదలోంచి తీసి పక్కన పెట్టిన రేకు డబ్బా ఒకటి అట్లే ఉండిపోయింది. పోయిన సంక్రాంతికి ఇల్లు సర్దుతూ తెరిస్తే పాత తూకపురాళ్ళు, విరిగిన మెట్టెలు, వాటి అడుగున ఈ మెడల్. ఒక పక్క కిరీటం పెట్టుకున్న రాజు తల, ఇంకో పక్క ఇండియా పటం. రిబ్బన్ లేదు.

మా ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి, అంచులో ఒకచోట నున్నగా అరిగిన మచ్చ చూపించినాడు. గీటురాయికి రుద్దిన మచ్చ అది. అంటే ఎవరో కుదువకు తెచ్చినారు, మావాళ్ళే రుద్ది చూసి వెండి కాదని తేల్చినారు. వెండి కాదు కాబట్టే కరగకుండా మిగిలింది. ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు. మన దగ్గర ఉండాల్సింది కాదు కదా ఇది.

ముందు ఫోన్లో వెతికి, ఫోటో పంపితే మెడల్ ఎవరిదో కనుక్కుంటామన్న ఒక సర్వీసుకు 1,800 రూపాయలు కట్టినా. మూడు వారాలకు రెండు పేజీల పీడీఎఫ్ వచ్చింది. లోహం ఏది, అడ్డం ఎన్ని మిల్లీమీటర్లు, రాజు ఎవరు. మనిషి గురించి ఒక్క ముక్క లేదు. అంచు ఫోటో పంపమని కూడా అడగలేదు వాళ్ళు. డబ్బు పోయినందుకు కాదు, ఆ అడగనందుకు నాకు కోపం.

హవల్దార్ సార్ మొదట అడిగింది ఒకటే: "తోమలేదు కదమ్మా?" చింతపండు పెట్టి తోముదామనుకుని తీరిక లేక అట్లే తీసుకుపోయినా. మంచిదైంది. తోమితే అంచు మీద అక్షరాలు ఇంకా అరుగుతాయంట. ఆయన నల్లగుడ్డ పరిచి, అంచును తడిపి, చెక్కిన వెదురుపుల్ల మొనతో ఒక్కో అక్షరంలోంచి వరద ఒండ్రు తీసినాడు. ఎర్రటి మన్ను సన్నటి పొడిగా గుడ్డ మీద రాలుతుంటే ముప్పావు గంట పక్కనే కూర్చున్నా. తరువాత షాపులో లైటు ఆర్పి, టార్చిని పక్కనుంచి వాలుగా వేసినాడు. నీడలు పడి అక్షరాలు లేచి నిలబడినాయి. నంబరు, సెప్ అనే మాట, పేరు, ఆర్.ఐ.ఎ.ఎస్.సి. నంబరులో ఒక అంకె మాత్రం లేదు. సరిగ్గా గీటురాయి మచ్చ ఉన్నచోట.

దీన్ని ఇండియా సర్వీస్ మెడల్ అంటారని చెప్పినాడు. 1939-45 యుద్ధకాలంలో కనీసం మూడేళ్ళు ఇక్కడే, ఇండియాలోనే పనిచేసిన మన సైన్యం వాళ్ళకు ఇచ్చింది. రాగి, నికెల్ కలిపిన లోహం. బ్రిటిష్ సైనికులకు ఆ యుద్ధపు మెడల్స్ పేరు లేకుండానే పంపినారంట, మనవాళ్ళవాటికి అంచు మీద పేరు కొట్టి ఇచ్చినారు. సెప్ అంటే సిపాయి. ఆ పొడి అక్షరాలు రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. సైన్యానికి తిండి, పెట్రోలు మోసే శాఖ. అందులో లారీలూ ఉండేవి, కంచర గాడిదలూ ఉండేవి. 1939 చివర్లో కంచర గాడిదలతో ఫ్రాన్స్ దాకా పోయింది కూడా ఈ కోర్ వాళ్ళేనంట. "ఇది ఒంటరిది కాదమ్మా. ఇది వచ్చినవానికి వార్ మెడల్ తప్పకుండా వచ్చింటాది. దానికి 28 రోజుల సర్వీసు చాలు. ఆ రెండోది ఏ ఇంట్లో ఉందో అదే వీని ఇల్లు."

పేరు మొత్తం రాయను, వాళ్ళింట్లో వద్దన్నారు. అంచు మీద ఇంగ్లీషులో 'మాడిలాటి' అన్నట్టు కొట్టి ఉంది. నేను ఉత్తరాది మనిషేమో అనుకున్నా. సార్ రెండుసార్లు పైకి చదివి, "మద్దిలేటమ్మా, మనోడే" అన్నాడు. ఏ గుమాస్తా చెవికి ఎట్లా వినపడితే అట్లా రాసుకున్నాడు. ఇక్కడే ఈయన పనితనం నాకు అర్థమైంది. మద్దిలేటి నరసింహస్వామి గుడి బేతంచెర్ల దగ్గర. ఆ పేరు ఎక్కువ పెట్టుకునేది ఆ చుట్టుపక్కల పల్లెల్లో. "ఉరుకుందు అని ఉంటే ఆదోని పక్క అడుగుదుము, పెన్నోబులేసు అని ఉంటే ఉరవకొండకు పోదుము" అన్నాడు. మన దేవుళ్ళు పక్కన ఉండి దారి చూపిస్తున్నట్టే అనిపించింది నాకు.

అక్కడే ఫోన్లో కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ తీసి వెతికినాడు. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున చనిపోయిన 17 లక్షల మంది పేర్లు అందులో ఉచితంగా చూసుకోవచ్చు. రెండో యుద్ధానికైతే 1947 డిసెంబరు 31 వరకు లెక్కలోకి తీసుకున్నారు. ఈ పేరు, ఈ కోర్ కలిసి ఎక్కడా రాలేదు. "తిరిగొచ్చినట్టే ఉండాడు" అన్నాడు. ఈ కోర్ వాళ్ళ రికార్డులు బెంగళూరులో ఆర్మీ సర్వీస్ కోర్ రికార్డ్స్ ఆఫీసులో ఉంటాయి, కానీ రాయాలంటే నంబరు పూర్తిగా కావాలి, రాసేది ఇంటివాళ్ళైతే మేలు, ముందు ఇంటిని పట్టుకుందాం అని చెప్పినాడు. అంచు ఫోటో ఒకటి పెద్దది చేసి కౌంటర్ అద్దం కింద పెట్టుకున్నాడు. బేతంచెర్ల, డోన్, బనగానపల్లె వైపు నుంచి ఏ మాజీ సైనికుడు వచ్చినా దాన్ని చూపించకుండా పంపలేదు.

షాపులో లోపాలు కూడా చెప్తా. ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేస్తారు, ఎండలో రెండుసార్లు తిరిగొచ్చినా. ఫోన్ ఎత్తరు. రిబ్బన్ బయటినుంచి తెప్పించాలి. ముదురు నీలం మీద లేత నీలం చారలు ఉండాలి, మొదట వచ్చింది వేరే నీలం, ఆయనే తిప్పి పంపేసినాడు. మళ్ళీ వచ్చేసరికి ఐదు వారాలు. రిబ్బన్‌కు 120, రెండు మెడల్స్ పట్టే అద్దాల ఫ్రేమ్‌కు 650. అంచు చదివినందుకు, ఇన్నాళ్ళు అడిగి తిరిగినందుకు పైసా తీసుకోలేదు. పెట్రోలు డబ్బులిస్తే కూడా చేతిలోంచి తోసేసినాడు.

ఉగాది దాటినాక ఒక సాయంత్రం ఆయనే ఫోన్ చేసినాడు. ఆర్మీలో నాయక్‌గా రిటైరైన ఒకాయన ఫోటో చూసి, మా పక్క ఊర్లో 'మిలిటరోళ్ళిల్లు' అని ఒకటుందే అన్నాడంట. ఆ ఆదివారమే పోయినాము. 2022 నుంచి అది నంద్యాల జిల్లా కిందికి పోయింది, మాకు మాత్రం ఇంకా మన జిల్లానే.

ఇంట్లో ఆయన కూతురు ఉంది, డెబ్బై దాటిన అవ్వ. సార్ మెడల్ చూపించకుండా ముందు మాటలు కలిపినాడు. మీ నాయన లారీనా, గాడిదలా అని అడిగితే, "లారీ. మిలిటరీలో నేర్చుకున్నెందే. వచ్చినాక బతికినన్నాళ్ళు నాపబండలు తోలినాడు" అనింది. ఏమైనా గుర్తులుండాయా అవ్వా అంటే మనవడు దేవునిగూట్లోంచి పసుపు అంటిన గుడ్డమూట తెచ్చినాడు. అందులో వార్ మెడల్. రెండు తలల జంతువును సింహం తొక్కి నిలబడిన బొమ్మ.

అప్పుడు మాది బయటికి తీసినాము. అవ్వ ముట్టుకోలేదు, చూస్తా ఉండిపోయింది. సార్ మా మెడల్ అంచు భూతద్దంలో పెట్టుకుని ఒక్కో అంకె చదువుతుంటే, మనవడు రెండోదాని మీద అదే అంకె చదివినాడు. మూడు అంకెలు కలిసినాయి. నాలుగోది సార్ చదవలేక ఆగినాడు. మనవడు ఆగలేదు, "ఏడు" అన్నాడు. తక్కినవన్నీ చివరిదాకా కలిసినాయి. పేరు కూడా అదే తప్పు స్పెల్లింగ్.

ఆ అంకె ఎందుకు లేదో నేనే చెప్పినా. చెప్పకుండా అక్కడినుంచి లేచి రావడం నా వల్ల కాలేదు. అవ్వ వేలితో ఆ నున్నటి మచ్చను తడిమి చూసి, "నా పెండ్లికి మాయమ్మ కడియాలు కుదువ పెట్టినారు పాపా. ఇది ఆ మూటలోనే పోయింటాది. మళ్ళీ ఇడిపించుకోలేకపోతిమి" అనింది. కడియాల సంగతి ఆమె అడగలేదు. కరిగించి ఎన్నేళ్ళైందో మా ఇంట్లో చెప్పగలిగినవాళ్ళు కూడా లేరు.

ఫ్రేమ్‌లో ముందు వార్ మెడల్, దాని పక్కన ఇది పెట్టి ఇచ్చినాడు సార్. వరుస అదేనంట. దాంతోపాటు ఇప్పుడు పూర్తి నంబరు ఉంది కాబట్టి, ఎప్పుడు చేరినాడు, ఏ కంపెనీలో పనిచేసినాడు తెలుపమని అవ్వ పేరు మీద బెంగళూరు రికార్డ్స్ ఆఫీసుకు అర్జీ రాసినాడు. అవ్వ వేలిముద్ర వేసింది, మనవడు కింద సంతకం పెట్టినాడు. స్పీడ్‌పోస్టు నేనే చేసినా, రసీదు నా దగ్గరుంది.