రాకెట్ చూడ్డం ఫ్రీ, పడుకోడానికి మాత్రం 2,800

2025 జులై 30న శ్రీహరికోటలో జీఎస్ఎల్‌వీ ఎఫ్16 ప్రయోగం చూద్దామని నేను, మా ఆవిడ, పాప, బామ్మర్ది వెళ్ళాం. ఇస్రో గ్యాలరీకి పైసా టికెట్ లేదు, ఆన్‌లైన్‌లో పేర్లిచ్చి పాస్ ప్రింటు, ఐడీ కార్డు పట్టుకెళ్తే చాలు. మమ్మల్ని నిలువునా దోచింది సూళ్లూరుపేటలో దిగిన లాడ్జి.

ఫోన్‌లో 1,200 అన్నవాడు బ్యాగులు దించాక "రేపు లాంచ్ కదా సార్, ఇవాళ రేటు వేరు" అని 2,800 చెప్పాడు. రాత్రి పదిన్నరకి పాపనేసుకుని ఎక్కడికి పోతాం, కట్టాం. ఏసీ రిమోటుకి ఇంకో 200 డిపాజిట్ అట, తెల్లారి అందులో 150 చేతిలో పెట్టి బ్యాటరీలు అయిపోయాయన్నాడు. బకెట్ చీలితే దానికి పాలిథిన్ కవర్ చుట్టి పెట్టారు. దిండు గలీబు మీద వేరే ఊరి లాడ్జి పేరుంది! మా ఆవిడ చున్నీ పరుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది, పొద్దున టిఫిన్ దాకా నాతో మాట పలుకు లేదు.

ఆ కోపం చల్లారింది బస్టాండ్ దగ్గర చిన్న మెస్‌లో. భోజనం 120, చేపల పులుసు 90. "రాకెట్ రోజు సముద్రంలోకి పడవల్ని పోనీరు నాయనా, నిన్నటి పులుసే, కావాలంటే తినండి" అని ఆ పెద్దావిడ ముందే చెప్పేసింది. నెల్లూరు పులుసు మర్నాడే కదా రుచి, మామిడికాయ ముక్క పులుపంతా దిగి ఉంది, మా బామ్మర్ది మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. లాంచ్ రోజు తనకి తిరనాళ్ళే గానీ వేటకి పోయేవాళ్ళకి ఆ పూట కూలి పోయినట్టే అని కూడా ఆవిడే అంది. అసలు ఈ రాకెట్ కేంద్రం పెట్టినప్పుడు శ్రీహరికోట దీవిలో ఊళ్ళే ఖాళీ చేయించారు, వాళ్ళలో యానాదులు చాలామంది. 1971లో మొదటి చిన్న రాకెట్ ఎగిరింది.

దారిలో పులికాట్ నిండా ఫ్లెమింగోలు ఉంటాయని బామ్మర్ది పాపకి ఊరించాడు, తీరా జులైలో రోడ్డు పక్కనంతా ఎండిన బురదే, ఇద్దరూ మూతి ముడిచారు. పక్షులు కావాలంటే డిసెంబర్, జనవరిలో రండి, దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రం కూడా అప్పుడే బాగుంటుంది.

గ్యాలరీ మాత్రం నీట్‌గా ఉంది, జనం ఎంతున్నా తోపులాట లేదు. సాయంత్రం 5:40కి రాకెట్ లేచింది. మొదట మంట కనపడింది, చప్పుడు లేదు, ఇంతేనా అనుకుంటుండగా మోత వచ్చి గుండెల్లో దడదడలాడింది, పాప చెవులు మూసుకుని నవ్వుతా ఏడ్చింది. లోపల 2,392 కిలోల నైసార్ ఉపగ్రహం, నాసా ఇస్రో కలిసి చేసింది. ఇది ధ్రువాల మీదుగా తిరిగేది కాబట్టి రాకెట్ దక్షిణంగా పోవాలి, అటు శ్రీలంక అడ్డం. అది తప్పించుకుని వంపు తిరగాలంటే ఇంధనం ఎక్కువ పడుద్ది. చిన్న రాకెట్లు అది భరించలేవు, అందుకే వాటికి తమిళనాడు కులశేఖరపట్నంలో ఇంకో కేంద్రం కడుతున్నారు.

తిరుగు దారి నరకం, ఉన్నది ఒక్కటే రోడ్డు. రానూపోనూ ఆటో 800, వచ్చేటప్పుడు అందులోనే మూడు గంటలు. చిన్న రాకెట్లు అటుపోతే మీ బేరాలు తగ్గుతాయేమో అంటే డ్రైవర్ నవ్వి "మూడో లాంచ్‌ప్యాడ్ ఇక్కడే కదన్నా" అన్నాడు. నిజమే, 3,985 కోట్లతో 2025 జనవరిలోనే కేంద్ర ప్రభుత్వం ఓకే చేసింది. అందులో నాలుగు మంచి లాడ్జీలకి దారి పడితే బాగుండు.

వెళ్ళేవాళ్ళు రూము సూళ్లూరుపేటలో తీసుకోకండి, చెన్నైలో దిగి పొద్దున్నే లోకల్ ట్రైన్‌లో రండి. ఎక్కడ తీసుకున్నా క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగొచ్చేదే బుక్ చేయండి, ప్రయోగం ఆఖరి నిమిషంలో కూడా వాయిదా పడుద్ది.